తాగుడు అలవాటున్న రోగికి ఆసుపత్రిలో అరగంట సలహా

మన సంఘాల సభ్యులకు పొదుగువాపు వ్యాధి సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అందులో పైకి కనిపించని రకం ఒకటున్నది. పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి, గేదె మేత మేస్తూనే ఉంటుంది. దిగుబడి మాత్రం కొద్దికొద్దిగా తగ్గిపోతుంది. పరీక్ష చేస్తేగాని సంగతి బయటపడదు. ఆ దశలో పట్టుకుంటే తక్కువ ఖర్చుతో, కాస్త శుభ్రతతో, ఓపికతో దారికి వస్తుంది. పాలు విరిగి, పొదుగు గట్టిపడి, రక్తం పడేవరకు ఊరుకుంటే ఒక్కొక్కసారి ఆ చన్ను మనకు దక్కదు.

మనిషికి పట్టుకున్న తాగుడు అలవాటు కూడా ఇటువంటిదే. దారిలో పడిపోయినవాడినే మనం తాగుబోతు అంటాము. పొద్దున్నే పాలు తెచ్చి పోసి, పగలంతా పొలం పని చేసుకొని, సాయంత్రం పాలు పోసిన తర్వాత రోజూ ఒక క్వార్టరు పుచ్చుకొని ఇంటికి పోయేవాడిని ఎవ్వరూ ఆ మాట అనరు. అతడూ అనుకోడు. కాని కాలేయము, రక్తపోటు, నిద్ర, ఇంటి లెక్క లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

అందుచేత ఈసారి పశువు గురించి కాక, పశువును పోషించే మనిషి గురించి నాలుగు మాటలు రాస్తున్నాము. ఏ కారణం చేతనైనా ఆసుపత్రిలో చేరిన రోగి దగ్గర నర్సుగాని డాక్టరుగాని కూర్చుని, అతని తాగుడు అలవాటు గురించి చెప్పే కొద్దిపాటి సలహా ఎంతవరకు పనిచేస్తుంది? ఎక్కడ సరిపోదు? ఇంటివారు, సంఘంవారు చేయవలసినదేమిటి? ఈ మూడు ప్రశ్నలకు ఇక్కడ సమాధానం చెప్పుకుందాము.

కొలత తెలుసుకోవాలి

వెన్నశాతం చూడకుండా మనం పాలకు ధర కట్టము. తాగుడును కూడా సీసా చూసి కాక, అందులోని ఆల్కహాలు చూసి లెక్కగట్టాలి. 10 గ్రాముల ఆల్కహాలును ఒక కొలతగా తీసుకుందాము. 42.8 శాతం అని రాసి ఉండే విస్కీ, బ్రాందీ, రమ్ములలో 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు సుమారు ఒక కొలత. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టరు ఆరు కొలతలు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతానిదైతే రెండున్నర కొలతలు, 8 శాతం స్ట్రాంగు బీరైతే నాలుగు కొలతలు. కల్లులో కూడా ఆల్కహాలున్నది. పులిసినకొద్దీ అది పెరుగుతుంది.

"నేను ఒక్క క్వార్టరే తీసుకుంటాను" అనేవారు ఈ లెక్క గమనించాలి. ఒక్క పూటలో ఆరు కొలతలంటే డాక్టర్ల దృష్టిలో అది అతిగా తాగడమే. ఆరోగ్యానికి ఏ మాత్రం హాని చేయని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2023 జనవరిలో స్పష్టం చేసింది.

ఆసుపత్రిలోనే ఎందుకు?

ఊళ్ళో ఎంతమంది చెప్పినా వినని మనిషి ఆసుపత్రి మంచం మీద ఎందుకు వింటాడు? దీనికి కారణాలున్నాయి. అక్కడ అతనికి సీసా అందుబాటులో ఉండదు. పక్కన తోటి తాగుడు స్నేహితులు ఉండరు. కాలు విరిగో, కడుపునొప్పి వచ్చో, పచ్చకామెర్లు సోకో పడుకొని ఉన్నాడు గనుక, తన ఒంటి గురించి ఆలోచించే తీరిక చిక్కింది. చెప్పేవారు కూడా ఇంట్లో తిట్టేవారు కారు. పరాయివారు, తెలిసినవారు, చేతిలో రక్తపరీక్ష కాగితం ఉన్నవారు.

చాలామంది తాగుడు కోసం ఆసుపత్రికి రారు. దాని వలన వచ్చిన దెబ్బల కోసం, క్లోమం వాపు కోసం, రక్తం కక్కుకొని, రక్తపోటు పెరిగి వస్తారు. దెబ్బకు కట్టు కట్టి, మూల కారణం అడగకుండా పంపితే, అదే మనిషి అదే వార్డుకు మళ్ళీ రావచ్చును.

పది ప్రశ్నల పరీక్ష

పొదుగువాపుకు పరీక్ష ఉన్నట్లే దీనికీ ఒక పరీక్ష ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాలలో పరిశీలన జరిపించి పది ప్రశ్నల పట్టికను తయారు చేసి 1989లో వెలువరించింది. దానిని 'ఆడిట్' పట్టిక అంటారు. మొదటి మూడు ప్రశ్నలు ఎంత, ఎన్నిసార్లు అన్నవి. తర్వాతి మూడు, మొదలుపెడితే ఆపలేకపోవడం, పనులు చెడడం, పొద్దున లేవగానే కావలసి రావడం వంటివి. చివరి నాలుగు, పశ్చాత్తాపం, మరపు, గాయాలు, ఇతరుల ఆందోళన గురించి అడుగుతాయి. ఒక్కొక్క ప్రశ్నకు 4 వరకు మార్కులు, మొత్తం 40.

8 వస్తే జాగ్రత్త పడవలసిన దశ మొదలైనట్లు. 8 నుండి 15 వరకు మామూలు సలహా, 16 నుండి 19 వరకు కూర్చోబెట్టి మాట్లాడడం, ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ చూడడం అవసరం. 20గాని అంతకు మించిగాని వస్తే మందులతో కూడిన ప్రత్యేక వైద్యానికి పంపాలి. ఈ మార్కులు మనిషిని అవమానించడానికి కావు. ఏ దశలో ఉన్నాడో తెలుసుకోవడానికే.

ఆ సలహా ఎలా ఉంటుంది?

ఒక ఉదాహరణ ఊహించుకుందాము. నలభై ఏళ్ళ పాడి రైతు సాయంత్రం పాలు పోసి తిరిగి వస్తూ మోపెడ్డు మీద నుండి పడ్డాడు. కాలు విరిగి ఆసుపత్రిలో చేరాడు. రెండు మూడు రోజులు గడిచి, నొప్పి కాస్త తగ్గిన తర్వాత నర్సు వచ్చి కూర్చున్నది.

"అన్నా, మీ అలవాట్ల గురించి రెండు మాటలు అడగవచ్చునా?"

"అడగండమ్మా."

"పడిన రోజు ఏమైనా పుచ్చుకున్నారా?"

"కొంచెమేనమ్మా. ఒక్క క్వార్టరు. రోజూ ఉండేదే."

"క్వార్టరంటే ఆరు కొలతలు. పొద్దున లేవగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం ఉన్నాయా? ఇక్కడికి వచ్చాక అట్లా ఏమైనా అనిపించిందా?"

"లేదమ్మా. నిద్ర మాత్రం సరిగా పట్టడం లేదు."

"రక్తపరీక్షలో కాలేయం కొంచెం దెబ్బతిన్నట్లు వచ్చిందని డాక్టరుగారన్నారు. దీని మీద మీకేమనిపిస్తున్నది?"

"ఒళ్ళునొప్పులకని మొదలుపెట్టాను. ఇప్పుడు పాల బిల్లులో చాలా భాగం అక్కడికే పోతున్నది. మా ఆవిడ రోజూ గొడవ పెడుతుంది."

"మరి మీరేమనుకుంటున్నారు?"

"మానాలనే ఉంది. ఎట్లాగో తెలియడం లేదు."

"మానితేనే మీకు మేలు. ఇది నా సలహా. నిర్ణయం మీది. ఏ వేళకు బుద్ధి పుడుతుంది?"

"సాయంత్రం పాలు పోసి షాపు ముందు నుంచి వచ్చేటప్పుడు. బిల్లు వచ్చిన రోజు మరీను."

"ఆ వేళ ఇంకేమైనా చేయగలరా?"

"సాయంత్రం పాలు మా అబ్బాయి పోయగలడు. బిల్లు ఆమె ఖాతాలో పడేటట్లు చూసుకుంటాను."

"మంచి ఆలోచన. మూడు వారాలకు కట్టు చూపించుకోవడానికి వస్తారు గదా, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాము."

ఇంతే. ఈ మాటలలో తిట్టు లేదు, బెదిరింపు లేదు, ఒట్టు పెట్టించుకోవడం లేదు. ముందుగా అనుమతి అడిగింది. అతని ఒంటి సంగతి అతనికే చెప్పింది. సలహా సూటిగా ఇచ్చింది. నిర్ణయం అతనికే వదిలింది. దారి అతని నోటనే రప్పించింది. నీవు చేయగలవన్న ధైర్యమిచ్చింది. మళ్ళీ కలుద్దామన్నది. మంచి సలహాకు ఇవే ముఖ్యమైన అంగాలు. ఒకరు చెప్పిన దారి కంటే, తన నోటితో తాను చెప్పిన దారిలోనే మనిషి నిలబడగలడన్నది దీని వెనుకనున్న సూత్రం.

పరిశోధనలు ఏమి తేల్చాయి?

ఈ పద్ధతి ఊరికే పుట్టినది కాదు. 1977లో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు వివాహితులైన 100 మంది తాగుడు రోగుల మీద ఒక పరిశీలనను ప్రకటించారు. కొందరికి నెలల తరబడి చికిత్స చేశారు. మిగిలినవారికి భార్య ఎదుట ఒక్కసారి కూర్చోబెట్టి సలహా చెప్పి, బాధ్యత మీదేనన్నారు. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆసుపత్రి వార్డుల సంగతి తేల్చినది స్కాట్లండులోని ఎడింబరో పరిశీలన. 1985లో దీనిని ప్రకటించారు. వేరే జబ్బులతో వార్డులలో చేరినవారిలో తాగుడు సమస్య ఉన్న 156 మంది పురుషులను గుర్తించారు. కొందరితో ఒక నర్సు గంటకు మించకుండా ఒక్కసారి మాట్లాడింది. మిగిలినవారికి మామూలు వైద్యమే జరిగింది. ఏడాది తర్వాత రెండు వర్గాలవారూ తాగుడు తగ్గించారు. జబ్బు చేసిందన్న భయం కొంత పని చేసిందన్నమాట. అయితే నర్సు మాట్లాడినవారి పరిస్థితి మొత్తం మీద రెండవ వర్గం కంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నది. భయం ఒక్కటే చాలదు, దానికి ఆలోచన తోడు కావాలని దీనివల్ల మేము గ్రహిస్తున్నాము.

అమెరికాలోని సియాటిల్‌లో గాయాలతో చేరిన 762 మందితో జరిగిన పరిశీలన 1999లో వెలువడింది. అరగంట సలహా పొందినవారు ఏడాది తర్వాత వారానికి సుమారు 22 డ్రింకులు తగ్గించగా, సలహా పొందనివారు సుమారు 7 మాత్రమే తగ్గించారు.

ఒకవైపే చెప్పడం న్యాయం కాదు. 2011లో ఇటువంటి 14 పరిశీలనలను కలిపి చూసినప్పుడు, ఆరు, తొమ్మిది నెలల వద్ద తాగుడు తగ్గినట్లు తేలింది. ఏడాది వద్ద ఆ తేడా నిలవలేదు. అయితే సలహా పొందినవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. బోస్టన్‌లో 341 మంది రోగులపై 2007లో ప్రకటించిన పరిశీలనలో ఈ సలహా పని చేయలేదు. అక్కడి రోగులలో నూటికి 77 మంది అప్పటికే తాగుడుకు పూర్తిగా బానిసలైనవారు. పొదుగు గట్టిపడిన తర్వాత శుభ్రత ఒక్కటే చాలదు గదా. దశ మించినవారికి సలహా మొదటి మెట్టు మాత్రమే.

మన దేశంలో గోవా రాష్ట్రపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 377 మంది పురుషులతో జరిగిన పరిశీలన 2017లో వెలువడింది. సలహా చెప్పినవారు డాక్టర్లు కారు, నర్సులు కారు. శిక్షణ పొందిన మామూలు స్థానికులు. మూడు నెలలకు, వారి సలహా పొందినవారిలో నూటికి 36 మంది ప్రమాద స్థాయి దిగువకు వచ్చారు. పొందనివారిలో నూటికి 26 మంది. అంటే ఈ పని పెద్ద చదువులు ఉంటేగాని సాగనిది కాదు. ఓపిక, శిక్షణ, గౌరవంగా మాట్లాడే గుణం కావాలి.

డాక్టరు దగ్గర దాచరాదు

ఈ వ్యాసంలో సభ్యులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయమిది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "తాగుతాడా?" అని డాక్టరు అడిగితే, పక్కనున్న భార్యో, తమ్ముడో "అబ్బే, లేదండీ" అంటారు. సిగ్గు ఒకటి. కేసు అవుతుందేమో, బీమా రాదేమో అన్న భయం మరొకటి. ఈ అబద్ధం ప్రాణం మీదికి తెస్తుంది.

ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషికి ఆసుపత్రిలో చేరిన రోజునే తాగుడు హఠాత్తుగా ఆగిపోతుంది. కొన్ని గంటలకే చేతుల వణుకు, చెమటలు, వాంతి, గుండెదడ మొదలు కావచ్చును. మొదటి రెండు రోజులలో ఫిట్సు రావచ్చును. రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నాయంటారు, మంచం దిగి పరుగెత్తుతారు. ఇంటివారు దీనిని గాలి సోకడమనో, మందు వికటించడమనో అనుకుంటారు. ఇది తాగుడు ఆగినందువలన వచ్చే స్థితి. వైద్యం అందకపోతే ప్రాణాపాయం. ముందే తెలిస్తే డాక్టర్లు తగిన మందులు, బి-1 విటమిను ఇచ్చి నివారించగలరు. మత్తు ఇచ్చి ఆపరేషను చేయవలసినప్పుడు కూడా ఈ సంగతి డాక్టరుకు తెలియాలి.

కాబట్టి ఎంత తాగుతాడు, ఎన్నేళ్ళుగా, ఆఖరుసారి ఎప్పుడు, ఈ మూడూ ఉన్నదున్నట్లు చెప్పండి. కల్లు తాగేవారైతే అదీ చెప్పండి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలాం, డయాజెపాం వంటి మత్తుమందులు పట్టుబడిన సందర్భాలున్నాయి. అటువంటి కల్లు ఒక్కసారిగా ఆగినా ఫిట్సు, మతిభ్రమ వస్తాయి. ఇదే కారణంగా, రోజూ ఎక్కువ తాగి, మానితే వణుకు వచ్చేవారు ఇంటి దగ్గర సొంతంగా ఒక్కసారిగా మానరాదు. డాక్టరు అండతోనే మానాలి.

ఇంటివారికి కొన్ని సూచనలు

రోగికి తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో "మందు మాన్పించే మందు" కలపడం మన పల్లెలలో ఉన్నది. ఇది చాలా ప్రమాదం. అందులో డైసల్ఫిరాం వంటిది ఉండి, సంగతి తెలియని మనిషి పైన తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చును. అది రోగి ఒప్పుకొని, డాక్టరు పర్యవేక్షణలో వాడవలసిన మందు.

చూడవచ్చినవారు "నొప్పి తెలియదులే" అంటూ సీసా తెస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. నర్సు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో దూరి పాత తగవులు ఎత్తకండి. అవసరమైతే కాసేపు బయట కూర్చోండి. ఇంటికి వచ్చిన తర్వాత మొదటి కొన్ని వారాలు కీలకం. ఒకరోజు తప్పినా "నీ బుద్ధి ఇంతే" అనవద్దు. ఎక్కడ తప్పిందో చూసుకొని మళ్ళీ మొదలుపెట్టనివ్వండి. చెప్పిన తేదీకి తిరిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. సలహా ప్రభావం నెలలు గడిచేకొద్దీ తగ్గవచ్చునని పరిశీలనలే చెబుతున్నాయి గనుక, ఈ రెండవ మూడవ రాకపోకలే దానిని నిలబెట్టే ఆధారం.

దశ మించినవారికి ప్రభుత్వ ఆసుపత్రులలోని మానసిక వైద్య విభాగాలు, హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. మత్తు అలవాటు మాన్పించేందుకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చును.

సంఘం చేయగలిగినది

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం సడలింది. చట్టాలు వస్తాయి, మారుతాయి. ఏ చట్టం ఉన్నా, ఇప్పటికే అలవాటు పడిన మనిషితో ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడవలసిన అవసరం మాత్రం పోదు.

ఆసుపత్రి నుండి తిరిగివచ్చిన సభ్యుని గురించి పాల కేంద్రం దగ్గర ఎగతాళి మాటలు రాకుండా కార్యదర్శి చూడాలి. అతని సంగతి రట్టు చేయరాదు. సభ్యుడే కోరితే బిల్లు ఇంటి ఆడవారి ఖాతాకు మార్చుకొనే ఏర్పాటు సంఘ నిబంధనల ప్రకారం చేసిపెట్టవచ్చును. సంఘ ఎన్నికలకు, విందులకు మందు పోయించే ఆచారం ఎక్కడైనా ఉంటే, దానిని మాన్పించే బాధ్యత పాలకవర్గానిదే. సభలో పాలు పంచి, బయట సీసాలు పంచడం మన సంస్థకు శోభ కాదు.

గేదె పాలు తగ్గితే ఆ పూటే పశువైద్యుని పిలుస్తాము. ఇంటి మనిషి రోజురోజుకు తగ్గిపోతుంటే మాత్రం పరువు పేరు చెప్పి ఏళ్ళ తరబడి దాస్తాము. ఇకమీదట ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, డాక్టరుకు నిజం చెప్పండి. తాగుడు అలవాటు గురించి కూడా ఒకసారి మాట్లాడమని మీరే అడగండి. అరగంట మాటకు ఖర్చు లేదు. దానివల్ల ఒక ఇల్లు నిలబడే అవకాశమున్నది.